దర్జీ మిషను

7 ఆగస్టు 2023
గద్దర్‌ను మా అల్వాల్‌లోనే, ఆయన పెట్టిన మహాబోధి బడి ఆవరణలో మట్టిచేశారు. ఎల్బీ స్టేడియం నుంచి ఇక్కడికి చేరేసరికి పొద్దుగూకింది. నానమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. గొంగడి వేసుకుని ‘మా భూమి’లో పాడిన పాట వచ్చినప్పుడల్లా ఒకటే మాట: “ఈయనే బిడ్డా. రజాకార్ల లొల్లప్పుడు మా ఊర్లకొచ్చి పాడింది ఈయనే.”

రజాకార్ల లొల్లిని ముగించిన పోలీసు చర్య 1948 సెప్టెంబరులో. గద్దర్ పుట్టింది 1949లో. లెక్క చెప్తే “నీకేమెర్క” అంది. పాట బండి యాదగిరిది. చిన్నప్పుడు విన్నమాట నిజమే కావచ్చు. పాడినవాడి మొహం చెరిగిపోయింది, 1980లో వచ్చిన సినిమా తన మొహం అంటించింది.

18 మార్చి 2024
‘రజాకార్’ చూశాను. మూడు రోజులైంది వచ్చి. పక్క సీటాయన విజిల్ వేస్తూనే ఉన్నాడు. భైరాన్‌పల్లి ఊచకోత అబద్ధం కాదు, ఆ బురుజు ఇప్పటికీ ఉంది. కానీ గౌతమ్ ఘోష్ ‘మా భూమి’లో కోపమంతా దొర మీద, దీంట్లో కాశిం రజ్వీ మీద. అక్కడ సైన్యం రాగానే దొర మళ్ళీ గడీకి వస్తాడు, ఇక్కడ సైన్యం రాగానే కథ సుఖాంతం. ఏది చూసి పెరిగినవాడికి అదే చరిత్ర. నేను మొదటిదాని బాపతు.

17 సెప్టెంబరు 2024
నిమజ్జనం. బయట డీజేలు. 1948 పోలీసు చర్యను గుర్తుచేసే ఈ తేదీకి రాష్ట్రం పెట్టిన పేరు ప్రజాపాలన దినోత్సవం, కేంద్రానికి విమోచన దినం, బీఆర్ఎస్‌కు సమైక్యతా దినం.

సుందర్‌లాల్ కమిటీ పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువమంది ముస్లింలు. ఆ నివేదికను దశాబ్దాలు తొక్కిపెట్టారు. దాని మీద మా వీధిలో ఎవరూ సినిమా చూడలేదు. నానమ్మను అడిగాను, ఆ తర్వాత మీ ఊళ్ళో ఏమైందని. అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చాలాసేపు పలకలేదు.

“దర్జీ సాయిబు కానరాలే. పండుగకని నా లంగ గుడ్డ ఇచ్చినం.”

“ఏ రంగు?”

“నెమలి కంఠం. సగం కుట్టి మిషను మీదనే ఉండె, సూది దిగే ఉండె. గుడ్డ మా నాయిన తెచ్చిండు. తెల్లారేసరికి మిషను కూడ లేదు.”

“ఎవరు తీసుకుపోయారు?”

గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయింది.