కాటిసీను, బిందె

ఊళ్ళో హరిశ్చంద్ర నాటకమాడితే పెట్రోమాక్సు లైట్లు మోసింది మా తాత. కాటిసీనులో జాషువా పద్యాలు ఎత్తుకోగానే ఊరంతా కళ్ళు తుడుచుకునేదంట. రాజు కాటికాపరి అయ్యాడని ఆ ఏడుపు. నిజం కాటికాపరి వెనకాల మట్టిలో కూచున్నాడు, వాడికోసం ఎవరేడ్చారు? ఆ పద్యాలు రాసినాయన మనోడేనని కూడా తాతకి ఎవరూ చెప్పలా.

నేను పిల్లలచేత ఆడించింది కారంచేడు. నేను పుట్టకముందు సంగతి. 1985 జూలై 16న, మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే ఓ కుర్రాడు కాదన్నాడు. వాణ్ణి కొడుతుంటే మున్నంగి సువార్త అడ్డమొచ్చి, తనమీదికి రాబోతే బిందె ఎత్తింది. మర్నాడు కమ్మ భూస్వాములు పల్లెమీద పడి ఆరుగుర్ని చంపారు. బతికినోళ్ళు చీరాల చేరారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది.

బళ్ళో ఆడదామంటే కులం పేర్లు తీసెయ్యమన్నారు. కులం తీసేస్తే అది ఉత్త నీళ్ళ తగాదా! పల్లెలోనే ఆడాం. భూస్వామి వేషానికి ఒక్క పిల్లాడూ రాలా. "తన్నులు తినే వేషమియ్యండి సారూ, మనోళ్ళని ఆ మాట అనలేను" అన్నాడొకడు. చివరికి ఆ వేషం నేనే కట్టా. చెర్నాకోల పట్టుకుంటే చెయ్యి వణికింది.

సువార్త వేషం ఏడో తరగతి పిల్లది. నీళ్ళకి పోతున్నట్టు బిందె ఎత్తింది. జనంలోంచి ఓ ముసలమ్మ లేచొచ్చి ఆ బిందె లాక్కుంది.

"అట్టగాదే. ముందు మొగానికి అడ్డం పెట్టుకో. ఆడు మళ్ళీ చెయ్యెత్తితే అప్పుడెత్తు."

ఎక్కడ నేర్చావని ఎవరూ అడగలా. ఆ సీను మళ్ళీ మొదట్నించి ఆడాం.