అవ్యక్తరాశి

గణితమనగానే ముఖము చిన్నబుచ్చుకొను పిల్లలు ప్రతి తరగతిలోను కొందఱుందురు. అంకెలతో కూడికలు, తీసివేతలు చేయునంతవఱకు వారికి చింత లేదు. ఒకనాడు నల్లబల్లమీద అంకెల నడుమ ఒక అక్షరము వచ్చి కూర్చుండును. నాటినుండి వారికి బెంగ పట్టుకొనును. “లెక్కలో అక్షరమేమిటి మాస్టారూ? అక్షరములుండవలసినది తెలుగు వాచకములో గదా!” అని నన్నడిగిన పిల్లలు పలువురు.

తెలుగు చెప్పు నన్ను ఈ ప్రశ్న అడుగుటకు ఒక కారణమున్నది. నేను గణితశాస్త్రమున పట్టము పుచ్చుకొన్నవాడను కాను. తెలుగు పండిత శిక్షణ పొంది, బందరు, గుడివాడ ప్రాంతముల పాఠశాలలలో చాలకాలము మన భాషను బోధించి, తుదకు దివిసీమలోని ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనైతిని. అచ్చట కొన్ని నెలలపాటు గణితోపాధ్యాయుని స్థానము ఖాళీగా నుండెను. అంతకాలము పిల్లల పాఠము ఆగరాదు గదా! అందుచే ఏడవ తరగతి గణితమును నేనే చేపట్టితిని. సంధులు, సమాసములు చెప్పిన నోటితోనే సరళ సమీకరణములను చెప్పితిని. ఆ అనుభవమున నాకు తోచిన సంగతులు కొన్ని మీకు చెప్పెదను.

ముందుగా ఆ అక్షరము మాట. తెలియని సంఖ్యకు ఒక పేరు పెట్టి పిలుచుట మన దేశమున చాల ప్రాచీనమైన ఆచారము. ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతమున రచించిన ఆర్యభటీయమున తెలియని రాశిని ‘గుళిక’ యనెను. గుళిక యనగా చిన్న ఉండ. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన గ్రంథమున దానిని ‘అవ్యక్తము’ అనెను. అనగా ఇంకను బయటపడనిది. 1150 నాటి భాస్కరాచార్యుడు తన బీజగణితమున ‘యావత్తావత్’ అనెను. ‘ఎంతయో అంత’ యని ఆ మాటకు అర్థము. వ్రాయునపుడు దానిని ‘యా’ అని కుదించుచుండిరి. తెలియనివి పెక్కులున్నచో కాలకము, నీలకము, పీతకము అని రంగుల పేర్లు పెట్టి, కా, నీ, పీ అని వ్రాయుచుండిరి. ఐరోపాలో ఫ్రెంచి పండితుడు డేకార్టు 1637లో ప్రకటించిన గ్రంథమునుండి ‘ఎక్స్’ అను అక్షరము తెలియని రాశికి గుర్తుగా ప్రచారమునకు వచ్చెను. మీ గణిత పుస్తకములో కనబడునది అదియే. ఈ వ్యాసమున మాత్రము నేను ‘యా’ అనియే వ్రాసెదను.

ఈ విద్య తెలుగు భాషకును క్రొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కవిత్వమును లెక్కయు ఒకే కలమునుండి వెలువడినవి. కావున తెలుగు ఇష్టపడువారికి లెక్కలు రావని ఎవరైన మీతో చెప్పినచో నమ్మకుడు.

ఇక సమీకరణమనగా నేమి? సమముగా చేయుట. దీనిని నోటితో చెప్పినచో పిల్లల కంతగా పట్టుపడలేదు. ఒకనాడు కిరాణాకొట్టునుండి ఒక త్రాసు తెప్పించితిని. ఒక గుడ్డసంచిలో కొన్ని గోలీలు వేసి మూతి కట్టి, దానిని ఎడమ తట్టలో పెట్టితిని. దాని ప్రక్కన విడిగా మూడు గోలీలు ఉంచితిని. కుడి తట్టలో పది గోలీలు పోసితిని. సంచి బరువు లెక్కకు అడ్డు రాకుండ అట్టిదే మఱియొక ఖాళీ సంచిని కుడి తట్టలో వేసితిని. త్రాసు ముల్లు సరిగా నడుమ నిలిచెను.

“మూత విప్పకుండ సంచిలో ఎన్ని గోలీలున్నవో చెప్పుడు” అంటిని. ఒక పిల్లవాడు లేచి ఎడమ తట్టలోని మూడు గోలీలను తీసివేసెను. ముల్లు ఒరిగిపోయెను. “కుడి వైపునను మూడు తీయుము” అని తరగతి యంతయు కేక వేసెను. అతడు తీసెను. ముల్లు మఱల నడుమకు వచ్చెను. ఎడమ తట్టలో సంచి ఒక్కటియే మిగిలినది. కుడి తట్టలో ఏడు గోలీలు మిగిలినవి. సంచి విప్పి చూడగా ఏడే యుండెను. ఆ గోలీల సంచియే ఆర్యభటుని గుళిక. మీ పుస్తకములోని అక్షరము. యా + 3 = 10 అయినచో, యా = 7. సమీకరణ సాధన మంతయు ఈ త్రాసులోనే యున్నది. ఒక తట్టకు ఏమి చేసితిమో రెండవ తట్టకును అదియే చేయవలెను. చేసినంతసేపు ముల్లు నడుమనే నిలుచును.

సమానమని తెలుపు రెండు గీతల గుర్తును రాబర్టు రికార్డు అను పండితుడు 1557లో తన గ్రంథమున మొదట వాడెను. ఒకే పొడవుగల రెండు సమాంతర రేఖలకంటె సమానమైన వస్తువులు వేఱొండు లేవని ఆయన తలంపు. ఆంగ్ల వర్తకులు మన బందరు రేవున 1611లో కోఠీ పెట్టిరి. ఆ గుర్తు పుట్టిన ఎన్ని యేండ్లకు వారు బందరు చేరిరి? 1557 + యా = 1611. రెండు వైపులనుండియు 1557 తీసివేయుడు. యా = 54.

తీసివేత గల సమీకరణమును చూడుడు. విజయవాడవద్ద కృష్ణానదిపై మొదటి ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. మన డెల్టా కాలువలకు నీరు దానివలననే లభించెను. ఏ సంవత్సరమునుండి 102 తీసివేసినచో ఆ 1855 వచ్చునో, ఆ సంవత్సరమున ప్రకాశం బ్యారేజి పూర్తియయ్యెను. యా − 102 = 1855. ఇరువైపులను 102 కలుపుడు. యా = 1957.

గుణకారమునకు మీ తాతల కాలపు కొలతలు పనికివచ్చును. పుట్టికి ఇరువది తూములు. ఒక గాదెలో 160 తూముల ధాన్యమున్నచో అది ఎన్ని పుట్లు? 20 యా = 160. ఇరువైపులను 20తో భాగింపుడు. యా = 8. భాగహారమునకు పొలము గట్టుకు పోవుదము. నలుగురు అన్నదమ్ములు ఒక చేనిని సమముగా పంచుకొనగా ఒక్కొక్కరికి 35 సెంట్లు వచ్చినవి. చేను మొత్తమెంత? యా ÷ 4 = 35. ఇరువైపులను 4తో గుణింపుడు. యా = 140; అనగా ఎకరము నలుబది సెంట్లు.

ఈ నాలుగింటిని పోల్చి చూచినచో ఒక సూత్రము మీకే గోచరించును. కలిపిన దానిని తీసివేతయు, తీసిన దానిని కూడికయు, గుణించిన దానిని భాగహారమును, భాగించిన దానిని గుణకారమును విప్పును. చేసిన పనిని వెనుకనుండి విప్పుకొని వచ్చు ఈ పద్ధతిని ఆర్యభటుడు తన గ్రంథములో విధించియే యున్నాడు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో నివసించిన అల్ ఖ్వారిజ్మీ తన గ్రంథమునకు పెట్టిన పేరులో ‘అల్ జబ్ర్’ అను మాట యున్నది. తప్పినదానిని తిరిగి యథాస్థానమున కూర్చుట యని దానికి అర్థము. ‘ఆల్జీబ్రా’ అను పేరు దానినుండియే పుట్టెను. స్పెయిను దేశమున విరిగిన ఎముకలను కట్టు వైద్యునికి ‘ఆల్జెబ్రిస్తా’ యని పేరుండెడిది.

కొందఱు పిల్లలు త్రాసును మఱచి, “సంఖ్య ఆవలి వైపునకు పోయినచో గుర్తు మారును” అను మాటను మాత్రము కంఠస్థము చేయుదురు. మా తరగతిలో ఒక బాలుడు 4 యా = 48 అను లెక్కను చేయుచు, నాలుగును ఆవలికి పంపి, 48 − 4 = 44 అని వ్రాసెను. వానిని కోపపడక, “నాయనా! సూర్యోదయము అను పదమును విడదీయుము” అంటిని. “సూర్య, ఉదయము” అనెను. “ఇది ఏ సంధి?” “గుణసంధి మాస్టారూ.” “దీనిని సవర్ణదీర్ఘసంధి సూత్రముతో విడదీయవచ్చునా?” “ఎట్లు విడదీయుదుము? కలిసినది ఆ సూత్రముతో కాదు గదా!” అని వాడు నవ్వెను. నవ్వుచునే తన పలకవైపు చూచెను. నాలుగును యాయును గుణకారముచే కలిసినవి. తీసివేతచే అవి విడివడవు. వాడు 44ను తుడిచి, 12 అని వ్రాసెను. నేను అంతటితో వదలలేదు. “సరిచూడుము” అంటిని. నాలుగు పండ్రెండ్లు నలుబదియెనిమిది. నాలుగు నలుబదినాలుగులు నూట డెబ్బదియాఱు. ఏది సరియో గురువు చెప్పనక్కఱలేదు, లెక్కయే చెప్పును. సమీకరణములోని గొప్ప సుగుణమిది. మీ జవాబునకు మీరే సాక్షులు కావచ్చును.

ఆ తరగతిలో చివరి వరుసన ఒక బాలిక కూర్చుండెడిది. ఆమె తండ్రి కౌలురైతు. నాట్లు, కోతల కాలమున ఆమె తఱచుగా బడికి వచ్చెడిది కాదు. ఆ సంవత్సరముతో చదువు మాన్పింపవలెనని తండ్రి తలచుచున్నట్లు నేను వింటిని. సార్వా ధాన్యము అమ్ముడైన కొన్నాళ్లకు ఆమె ఒక చీటీ తెచ్చి నా ముందుంచెను. “మా నాన్న ధాన్యము అమ్మిన చీటీ మాస్టారూ. దీనిలో యా ఎక్కడ ఉన్నదో తెలియుట లేదు” అనెను.

చీటీలో నలుబది బస్తాలని ఉండెను. బస్తాకు 75 కిలోల చొప్పున కాటా వేసినట్లు ఉండెను. సొమ్ము మాత్రము 2,920 కిలోలకే కట్టిరి. తేమ యున్నదని బస్తాకు ఒక కిలో తరుగు తీయుటకు బేరము కుదిరినట. “నీకు తెలిసినవి ముందు వ్రాయుమమ్మా” అంటిని. నలుబది డెబ్బదియైదులు మూడువేలు అని వ్రాసెను. మూడువేలలో 2,920 పోగా 80 కిలోలు తరుగు క్రింద పోయినవి. “ఇందులో నీకు తెలియనిదేది?” అంటిని. “బస్తాకు ఎంత తీసిరో అది” అని, తానే 40 యా = 80 అని వ్రాసెను. ఇరువైపులను నలుబదితో భాగించి, యా = 2 అని వ్రాసి, నావైపు కాక, ఆ కాగితమువైపే చాలసేపు చూచుచు నిలిచెను.

మఱునాడు తండ్రీకూతుండ్రు ఇద్దఱును ఆ కాగితముతో వర్తకునివద్దకు పోయిరి. అచ్చటి గుమాస్తా మొదట నవ్వెనట. పిల్ల మఱల మొదటినుండి వరుసగా చెప్పగా, తానును లెక్క వేసి చూచుకొని, ఒకటికి బదులు రెండు పడినదని ఒప్పుకొనెనట. నలుబది కిలోల వెల వారి చేతికి వచ్చెను. ఆ తండ్రి నా కడకు వచ్చి, “సొమ్ము మాట అటుంచుడు మాస్టారుగారూ! ఇన్నాళ్లు వారు చెప్పినదే లెక్క. నిన్న మా పిల్ల చెప్పినది లెక్క అయినది” అనెను. అతని కంఠము వణకెను. ఆ పైయేడు ఎనిమిదవ తరగతి హాజరుపట్టీలో ఆ బాలిక పేరుండెను.

బాలలారా! ఆ పిల్ల చేసినది ఒక్క అడుగు లెక్క. మీ పుస్తకమున అట్టివి పదులకొలది యున్నవి. అయినను ఆ ఒక్క అడుగు వేయుటకు ఆమె నాలుగు పనులు చేసెను. తెలిసినవానిని వ్రాసికొనెను. తెలియనిదానికి ఒక పేరు పెట్టెను. ఇరువైపులను ఒకే న్యాయమును పాటించెను. వచ్చిన జవాబును పదిమంది యెదుట సరిచూపెను. ధాన్యము కాటాయందును, అప్పు పత్రమునందును, కూలి లెక్కయందును, ఎవరో చెప్పినది తల యూచి పుచ్చుకొనువారు మన గ్రామములలో నేటికిని కలరు. వారి యిండ్లనుండియే మీలో పలువురు బడికి వచ్చుచున్నారు. ఇంటికి వచ్చిన చీటీని ఒకసారి చేతికి తీసికొని, అందులో అవ్యక్తముగా నున్నదేదియో వెదకుడు. దానికి ‘యా’ అని పేరు పెట్టి, రెండు తట్టలను సమముగా నిలిపి చూడుడు.