ఆషాఢం గింజల కబుర్లు

మృగశిర కార్తెకి ఇంగువా బెల్లం ఉండలు మింగేశాం, ఏరువాక పున్నమీ దాటింది. విత్తనాలు చేలకు చేరాయి. ఇక ఇంట్లో మిగిలిన గింజల సంగతి చూడాలి.

ఆవకాయ జాడీలకు వాసెన కట్టేశాక మిగిలిన ఆవాలు ఆవపెట్టిన కూరలకు వస్తాయి. గోదావరి జిల్లాల పనసపొట్టు కూరలో చెయ్యి తిరిగినవాళ్లెవరూ ఆవముద్దని పొయ్యి మీద కలపరు. ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. నూరినప్పుడు, తడి తగిలాక గింజలోని ఒక ఎంజైము దాన్ని పుట్టిస్తుంది. వేడి తగిలిందా, ఆ ఎంజైము పని ఆగిపోతుంది. అందుకే కూర దించి, చల్లారనిచ్చి కలపడం. ఇవే ఆవాలు ఉప్పూ ఎండుమిరపకాయలతో కలిసి దిష్టి తీయడానికీ వెళ్తాయి. నిప్పుల్లో చిటపటలాడితే దిష్టి గట్టిగా తగిలిందంటారు. నిప్పుల్లో పడి చిటపటలాడని ఆవాలు నేనింతవరకూ చూడలేదు!

పనస తొనలు తిన్నవాళ్లు గింజలు పారేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉడకబెట్టి, పైపొర ఒలిచి పులుసులో వేసుకోండి, చాలు.

అసలు చెప్పుకోవలసింది చింతపిక్కల గురించి. ఎండాకాలమంతా అరుగు మీద కూర్చుని కొత్త చింతపండు కొట్టిన ఇళ్లల్లో ఇప్పటికి ఒక డబ్బాడు పిక్కలైనా పోగుపడి ఉంటాయి. వేయించి, పొట్టు తీసి, బుగ్గన పెట్టుకుంటే వాన వెలిసేదాకా కాలక్షేపం. వామనగుంటల పీటలో పద్నాలుగు గుంటలూ నిండేది వీటితోనే. అష్టాచెమ్మాకి గవ్వలు దొరక్కపోతే నాలుగు పిక్కల్ని గచ్చు మీద ఒకవైపు అరగదీస్తే సరి: నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. వానకి ఇంట్లో ఇరుక్కున్న పిల్లలకి నేర్పి చూడండి, సెల్‌ఫోను కాసేపైనా పక్కన పెడతారు.

బొమ్మల వాళ్లకూ ఇవి కావాలి. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో చేసిన బొమ్మకి కాళ్లూ చేతులూ అతికేది చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో. చేర్యాల నకాషీలు పటం గుడ్డకి పూసే పూతలోనూ సుద్దమట్టితో పాటు ఉడికించిన చింతగింజల ముద్ద ఉంటుంది. ఇప్పుడు దుకాణాల్లో గింజ తీసిన చింతపండే దొరుకుతోంది. సుఖమే కానీ, డబ్బా మాత్రం ఖాళీ.

తొలి ఏకాదశికి పేలపిండి తప్పదు. జొన్నపేలాలు, బెల్లం, రెండు ఏలకులు వేసి దంచడమే. పితృదేవతలకు ఇష్టమంటారు. మనకి మాత్రం అయిష్టమా? నోటినిండా పోసుకుని నవ్వకండి, పొరబోతుంది.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కనుక జీలకర్రకి ప్రస్తుతం పోపులపెట్టెలోనే కాపురం. వధూవరుల నెత్తిన బెల్లంతో కలిసి కూర్చునే యోగం మళ్లీ శ్రావణంలోనే. మా ఎదురింట్లో అప్పుడే పెళ్లి హడావిడి. పాలికల్లో పోయడానికి నవధాన్యాలు తెప్పిస్తే, కొట్టువాడు కందులకు బదులు కందిపప్పు, పెసలకు బదులు పెసరపప్పు కట్టి పంపాడట. బద్దలు చేసిన పప్పు ఎక్కడ మొలకెత్తుతుంది? పొట్లాలు వెనక్కి వెళ్లాయి, పెసరపప్పు ఒక్కటీ తప్ప. దాంతో నిన్న పాయసం కాచేశారు.