ఆరు నెలలు నిద్రపోయిన ఇంజను

పిల్లలూ! మీ ఊరి చెరువు ఒకనాటి ఉదయానికి రాతిబండలాగా గట్టిపడిపోయి, జనం దానిమీద నడిచి అవతలి గట్టుకు పోతున్నారని ఎవరైనా చెబితే నమ్ముతారా? అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చలికాలంలో వెళితే ఆ వింత కళ్ళారా చూడవచ్చు. అక్కడి మాడిసన్ నగరం పక్కన మెండోటా అనే సరస్సు ఉన్నది. విస్తీర్ణం దాదాపు 40 చదరపు కిలోమీటర్లు. అది గడ్డకట్టినప్పుడు మనుషులు మంచుకు బెజ్జం చేసి, పక్కనే పీట వేసుకుని కూర్చుని, గాలంతో చేపలు పడతారు! ఏ ఏడు ఎప్పుడు గడ్డకట్టిందో, ఎప్పుడు కరిగిందో 1850ల నుంచి లెక్కలు రాసి ఉంచారు.

మా అమ్మాయి కాపురం ఆ ఊళ్ళోనే. 2022 ఏప్రిల్ చివర నేను అక్కడికి వెళ్ళాను. మంచు కరిగి కొద్ది వారాలే అయింది. నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయాయి. అయినా ఎండ కాసిన మొదటి ఆదివారమే మా అల్లుడు తన చిన్న పడవను బయటికి తీశాడు. మనవడు తెల్లవారకముందే గాలం పుచ్చుకుని తయారు.

ఆ పడవ వెనుక చెక్కకు తగిలించే ఇంజను ఒకటి ఉన్నది. దాన్ని అవుట్‌బోర్డు ఇంజను అంటారు. ఈ రకం ఇంజనును జనంలో వాడుకలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఓలె ఎవిన్‌రూడ్. నార్వేలో 1877లో పుట్టి, చిన్నతనంలోనే ఈ విస్కాన్సిన్‌కు వచ్చి పెరిగినవాడు. సరస్సు మధ్య విహారంలో కాబోయే భార్య ఐస్‌క్రీం అడిగితే, ఆయన ఒడ్డుకు పోయి తెడ్డు వేసుకుంటూ తెచ్చేసరికి అది కరిగిపోయిందట! ఆ చిరాకులోంచి పుట్టిన ఆలోచనే 1909 నాటికి అమ్మకానికి వచ్చింది.

అల్లుడు ఇంజను తాడు లాగాడు. మళ్ళీ లాగాడు. చెమటలు పట్టేదాకా లాగాడు. అది ఉలకలేదు, పలకలేదు.

"ఇది చెడిపోయింది మామయ్యగారూ!" అన్నాడు.

నాకు పడవల సంగతి తెలియదు. కాని జవాబు చెప్పని పిల్లవాణ్ణి మొద్దు అనేముందు, వాడు అన్నం తిని వచ్చాడా అని అడగాలని బడిలో నేర్చుకున్నాను. ఇంతలో పొరుగింటి ముసలాయన వచ్చాడు. ఆయన అడిగిందీ అదే: "దీనికి ఏం తిండి పెట్టావు?"

అక్టోబరులో మిగిలిన పెట్రోలే తొట్టిలో ఉన్నది. ఆయన దాన్ని కొంచెం గాజు సీసాలోకి పోయించి, కదల్చకుండా నిలబెట్టాడు. కాసేపటికి అడుగున వేరే పొర తేలింది! ఎందుకంటే, అక్కడి పెట్రోలులో సాధారణంగా నూటికి 10 పాళ్ళ వరకు ఆల్కహాలు కలుపుతారు. దానికి తేమను పీల్చే గుణం ఉన్నది. నెలల తరబడి నిలవ ఉంటే నీరూ ఆల్కహాలూ కలిసి అడుగుకు చేరతాయి. ఇంజనుకు మొదట అందేది ఆ అడుగుదే!

తరువాత కార్బురేటరు విప్పారు. దానిలో నిలిచిన పెట్రోలు ఆవిరైపోయి, తుమ్మజిగురులాంటి పదార్థం మిగిలింది. పెట్రోలు పోయే రంధ్రాలు సూది మొనంత సన్ననివి. అవి పూడిపోతే ఇంజను ఎలా కదులుతుంది? (మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపుతారు గదా. మళ్ళీ కడలికి పోయేముందు మన జాలరులు కూడా ఇంజనులు విప్పి చూసుకుంటారు.)

అన్నీ కడిగి, కొత్త పెట్రోలు పోసి, స్పార్కు ప్లగ్గు మార్చి, ఇంజను అడుగుభాగాన్ని పెద్ద నీళ్ళ పీపాలో దింపారు. రెండో లాగుకే 'డగ డగ డగ' మని లేచింది! మనవడు ఒక్క గంతు వేసి, "తాతయ్యా, పదండి!" అన్నాడు.

ముసలాయన మాత్రం ఇంజనును టక్కున ఆపేశాడు. "నీటి ధార ఏది?" అన్నాడు.

అవుట్‌బోర్డు ఇంజనును చల్లబరిచేది సరస్సు నీరే. లోపల రబ్బరు రెక్కల చక్రం ఒకటి తిరిగి నీటిని పైకి తోడుతుంది. నీరు పారుతున్నట్టు గుర్తుగా వెనుక సన్నని ధార పడాలి. పడలేదు. రంధ్రంలో తీగ పెట్టి పొడిచినా పడలేదు. విప్పి చూస్తే రబ్బరు రెక్కలు చలికాలమంతా వంగి ఉండి, ఆ వంపులోనే బిగుసుకుపోయాయి. కొసలు పగిలాయి.

అలాగే బయలుదేరి ఉంటే ఇంజను వేడెక్కి నడిసరస్సులో ఆగిపోయేదే. ఆ నీళ్ళలో పడితే ఈత వచ్చినవాడికైనా నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి. నేనూ అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. మనవడు మాత్రం గాలం విసిరికొట్టి, ఆ పూట అన్నం తిననని భీష్మించాడు.

మరుసటి ఆదివారానికి కొత్త చక్రం వచ్చింది. అందరం తేలుడు చొక్కాలు తొడుక్కున్నాము. అల్లుడు ఇంజనును ఆపే మీట తాడు తన మణికట్టుకు తగిలించుకున్నాడు. నడిపేవాడు నీళ్ళలో పడితే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. చిన్న మరపడవలకు అక్కడ 2021 నుంచి ఇది చట్టం.

ఆ రోజు మాకు ఒక్క చేప కూడా పడలేదు. పడుతుందా మరి? మా మనవడు గాలం వైపు చూస్తేగా! వెనక్కు తిరిగి కూర్చుని, ధార పడుతున్నదా లేదా అని దారి పొడుగునా కాపలా కాశాడు.