ఆడపిల్లల మోకాటినొప్పి
మగపిల్లవానికి మోకాలు నొచ్చిన వైద్యునొద్దకు గొనిపోవుదుము; ఆడపిల్లకు నొచ్చిన ఆట మాన్పింతుము.

వాలీబాలు ఆడు మా యమ్మాయికి మోకాటిచిప్ప క్రిందనే, వ్రేలితో చూపదగినంత చోట, ఎగిరినపుడెల్ల నొప్పి. వైద్యుడు వాలుబల్లమీద ఒంటికాలితో గుంజీ తీయించెను; నొప్పి యచ్చటనే పుట్టెను. చిప్పను కాలియెముకతో కలుపు స్నాయువు అతిశ్రమచే చెడినదట. దీనిని వాపందురుగాని వాపు స్వల్పమే.

మంచమెక్కించిన స్నాయువు మఱింత బలహీనమగును. కావున మేము ఆట మాన్పింపక, గంతులు తగ్గించి, వైద్యుడు చెప్పినట్లు గోడకానుకొని కుర్చీవలె 45 సెకండ్లు నిలుచుట 5 మార్లు చేయించితిమి, పిదప బరువులతో మెల్లగా కూర్చుండి లేచుట, గంతులు కడపట. నెలలు పట్టును. తైలమర్దనము హాయినిచ్చును, అంతియే.

10–15 యేండ్ల పిల్లలకు నొప్పి యింకను దిగువ, యెముకబొడిపెపై నున్నయెడల నది వేఱు. ఎదుగుదల ముగిసిన సాధారణముగా తగ్గును. మోకాలు ఉబ్బినను, బిగిసిపోయినను జాగు చేయరాదు.