లెక్క యడిగిన సేనాని

భద్రాచలపు కథ యెల్లరెఱిగినదే. పాల్వంచ పరగణా తహసీలుదారగు కంచర్ల గోపన్న సర్కారు శిస్తుతో రామాలయము కట్టించి గోలకొండ చెఱసాల పాలయ్యెను. శ్రీరాముడే వచ్చి తానీషాకు బాకీ తీర్చెనని లోకము నమ్మును. గోపన్న యా ధనమును తన యింటికి గాక గుడికి వెచ్చించె ననుట మేమెఱుగనిది కాదు. కాని యా శిస్తు కట్టినవాడెవ్వడు? గోదావరి యొడ్డు రైతో, యడవి యంచున పోడు గొట్టినవాడో, వాడు కథలో నెచ్చటను కానరాడు. ఈ మాట యన్నందుకు ఖమ్మమున మిత్రులు కొందఱు మమ్ము నాస్తికులనిరి. అనిన ననిరి గాక!

ప్రజల సొమ్మునకు లెక్క యనినప్పుడెల్ల మాకు జాన్ బర్గాయిన్ జ్ఞప్తికి వచ్చును. 1722లో జన్మించిన యీ యాంగ్లేయుడు సేనాని, పార్లమెంటు సభ్యుడు, నాటకకర్త. 1777 అక్టోబరు 17వ తేదీని అమెరికాలో సారటోగా యొద్ద అయిదువేలకు పైబడిన సేనతో శత్రువులకు లొంగిపోయెను. లోకము నేటికిని నాతని నా యొక్క దినముతోడనే కొలుచుచున్నది. 1786లో నాతని హాస్యనాటకము 'ది ఎయిరెస్' లండనులో మెప్పు వడసెను. దానిని గూర్చి మేము విస్తరింపము.

మాకు గావలసినది 1772వ సంవత్సరము. తూర్పు ఇండియా కంపెనీ వ్యవహారములను విచారింప కామన్సు సభ నియమించిన సంఘమున కీతడే యధ్యక్షుడు. ఆ విచారణలో ముఖ్యముగా చిక్కినవాడు క్లైవు; 1765లో మొగలు పాదుషా నుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా పుచ్చుకొన్న క్లైవే. గోదావరి దిగువ తీర మట్లు కంపెనీ పాలయ్యెను. భద్రాచలము మాత్రము 1860 వఱకు నిజాము క్రిందనే యుండెను.

1773 మే నెలలో బర్గాయిన్ సభలో లేచి, సైనికబలముచే గాని సంధులచే గాని గడించిన దెల్ల న్యాయముగా రాజ్యమునకే చెందునని తీర్మానము తెచ్చెను. సభ యొప్పుకొనెను. క్లైవు 2,34,000 పౌనులు పుచ్చుకొన్నమాట నిజమనియు నొప్పుకొనెను. ఒప్పుకొని, యాతడు దేశమునకు గొప్ప సేవ చేసెనని పొగడి విడిచిపెట్టెను! గోపన్న బాకీ దేవుడు తీర్చెను. క్లైవు బాకీ పొగడ్త తీర్చెను. ఇంతకును బర్గాయిన్ చెప్పిన రాజ్యము బ్రిటిషు రాజ్యమే. వంగదేశపు రైతునకు పైసయైన మరలింపవలెనని యాతడును నడుగలేదు.

అయినను లెక్క యడుగుట యాతడు మానలేదు. 1787లో వారెన్ హేస్టింగ్సుపై నభియోగము నడపుటకు నియమింపబడినవారిలో నీతడొకడు. ఆ విచారణ యేండ్ల తరబడి సాగెను. 1795లో హేస్టింగ్సు నిర్దోషియని తీర్పు వచ్చునప్పటికి, బర్గాయిన్ మూడేండ్ల క్రిందటనే గతించి వెస్టుమినిస్టరు దేవాలయ ప్రాంగణమున సమాధి గాంచి యుండెను.