నేను బాగుచేసి ఇచ్చిన మీటర్లు ఒక్కసారి వెనక్కి తెచ్చియ్యండి

పోస్టు కొంచెం పెద్దగైతది. స్టార్టరు డబ్బా కాడ మీటరు పట్టేటోళ్లు మాత్రం మొత్తం చదవండి.

మన ఊళ్లె, పక్క ఊళ్లల్ల కలిపి నేను ఇప్పటిదాకా బాగుచేసి ఇచ్చిన మల్టీమీటర్లు 11. పైసలు తీసుకోను, అది నా సరదా. కొందరికి సాయంత్రం పేకాట, నాకు సోల్డరింగ్ ఐరన్. మా ఇంట్లె దీని మీద రోజూ లొల్లే, ఆ ముచ్చట వదిలేద్దాం.

పోయిన నెల మా తమ్ముని కొడుకు ఫోన్ చేసిండు. "పెద్దనాయనా, మోటరు ఎత్తుకుంటలేదు, జర వస్తవా" అన్నడు. నేను పొయ్యేసరికి డబ్బా తెరిచి మీటరు పట్టి చూస్తున్నడు. మూడు ఫేజులల్ల ఏ రెండింటి మధ్య పెట్టినా సున్నా. "కరెంటే లేదు పెద్దనాయనా, పైన ట్రిప్పయినట్టుంది. అంతట్ల ఈ లూజు వైరు బిగిస్తా" అని ఒక చేత్తో స్క్రూడ్రైవరు పెట్టి, ఇంకో చేత్తో వైరు పట్టుకోబోయిండు.

ఆగు అన్న. నాకేమీ అనుమానం రాలేదు, నిజం చెప్తున్న. ఉత్త అలవాటుకే అన్న. నా సంచిలో ఎప్పుడూ టెస్ట్ ల్యాంపు ఉంటది. పాత రకం బల్బులు రెండు, ఒకే వాటేజీవి, సిరీస్‌ల కలిపినవి. ఒక బల్బు 230 వోల్టులదే, రెండు ఫేజుల మధ్య 415 వస్తది, అందుకే ఒక్కటి పెడితే పేలుతది. అది తీసి రెండు ఫేజులకు పెట్టిన. రెండు బల్బులు ధగధగ వెలిగినయి.

పిల్లగాడు ఏం మాట్లాడలేదు. చెయ్యి వెనక్కి తీసుకొని గట్టు మీద కూసున్నడు. నేను కిట్‌క్యాట్ ఫ్యూజులు మూడూ పీకి, మళ్లీ బల్బు పెట్టి చూసి, ఆ వైరు బిగించి మోటరు చాలు చేసిన. చేస్తుంటే నా చేతులు వణికినయి. ఎందుకంటే ఆ మీటరు రెండు నెలల కింద బాగుచేసి వానికిచ్చింది నేనే.

ఇంటికి తెచ్చి విప్పి చూసిన. లోపల నేను చేసిన సోల్డరింగ్ మంచిగనే ఉంది. తప్పు ఎర్ర వైరుల ఉంది. చేత్తో పట్టుకునే పుల్ల ఉంటది కదా, దాని మెడ కాడ పైన తొడుగు బాగనే ఉన్నది, లోపల రాగి పోగులు తెగినయి. వైరు తిన్నగ ఉంటే తగులుతది, వంగితే ఊడుతది. నేను బాగుచేసిననాడు వైర్లు టేబుల్ మీద తిన్నగ పరిచి, రెండు మొనలు ఆనిచ్చి బీప్ విని, అయిపోయిందనుకున్న. వైరు వంచి చూడలేదు. గంత చిన్న పని చెయ్యలేదు.

మీటరు చెడిపోతే ఏం చూపియ్యదు అనుకుంటం. అట్ల కాదు. తెరమీద అంకె ఉంటది, మంచిగనే కనబడుతది, సున్నా అని. వైరు తెగినా సున్నానే, కరెంటు లేకున్నా సున్నానే. చూసేటోనికి రెండూ ఒక్కటే.

అప్పటి నుంచి నేను చేస్తున్నదిది. ముందుగాల కరెంటు ఉన్నదని తెలిసిన కాడ మీటరు పెట్టి చూస్త. తర్వాత ఫ్యూజులు పీకి, పని చెయ్యాల్సిన కాడ చూస్త. అక్కడ సున్నా వస్తే మళ్లీ మొదటి కాడికి పొయ్యి ఇంకోసారి చూస్త. నడిమిట్ల మీటరు చచ్చిపోలేదని అప్పుడు తెలుస్తది. పెద్ద పెద్ద కంపెనీల ఎలక్ట్రీషియన్లు చేసేది గిదే. మనకే తొందర.

దీనికి ఉల్టా కూడా అయితది. ఒకే పైపుల పక్కపక్కన పోయే వైర్లల్ల ఒకటి రెండు దిక్కులా పీకేసి ఉన్నా, డిజిటల్ మీటరు దాని మీద 60, 80 వోల్టులు చూపిస్తది. పక్క వైరు నుంచి వచ్చే దొంగ వోల్టేజీ అది, దాంట్ల దమ్ము ఉండదు, బల్బు వెలగదు. టెస్ట్ ల్యాంపు పారేయొద్దు అనేది అందుకే.

బ్యాటరీ సంగతి ఒకటి చెప్పాలె. మన దగ్గర ఉండే పసుపు రంగు చిన్న మీటర్లల్ల 9 వోల్టుల బ్యాటరీ దిగిపోతే అంకె ఎక్కువ చూపిస్తది, తక్కువ కాదు. ఒక ఎండాకాలం నా మీటర్ల 480 దాటి వచ్చింది. మోటర్లు కాలిపోతయని లైన్‌మన్‌తోని నేను పెట్టుకున్న లొల్లి మీలో కొందరికి యాదుంటది. ఆయన తన మీటరు తెచ్చి పెడితే 405. నా మీటర్ల బ్యాటరీ గుర్తు మూలకు చిన్నగ కనబడుతనే ఉంది, నేనే చూడలేదు. ఆయనకు చాయ్ తాగిపిచ్చిన. ఇప్పుడు అనుమానం వస్తే ముందు ట్రాక్టరు బ్యాటరీ మీద పెట్టి చూస్త. ఇంజన్ బంద్ ఉన్నప్పుడు, మంచి బ్యాటరీ అయితే 12.6 కాడ ఉండాలె.

ఇగ ఏ మీటరు కొనాలె అని అడిగేటోళ్లకు. ఆ 200, 300 రూపాయల పసుపు మీటరు సెల్లు చూడటానికి, ట్రాక్టరు వైరింగుకు చాలు. స్టార్టరు డబ్బాల పెట్టొద్దు. దాంట్ల 10 ఆంప్స్ అని ఒక రంధ్రం ఉంటది, చాలా వాటికి దాని వెనక ఫ్యూజే ఉండదు. ఎర్ర వైరు మర్చిపోయి ఆ రంధ్రంల ఉంచి రెండు ఫేజులకు ఆనిచ్చినమంటే, ఫేజుకూ ఫేజుకూ రాగి కడ్డీ పెట్టినట్టే. మొనలు కరిగి మొఖం మీదికి వస్తయి. కొనేటప్పుడు మీటరు మీద క్యాట్ 3, 600 వోల్ట్స్ అని ఉందా చూడండి. అచ్చు వేసినంత మాత్రాన నమ్మొద్దు, వెనక మూత విప్పి చూడండి. లోపల సన్నని గాజు ఫ్యూజు కనబడితే ఆ అచ్చు ఉత్తదే. ఇసుక నింపిన పింగాణీ ఫ్యూజు ఉంటే కొంత నమ్మొచ్చు. ఫ్లూక్ మంచిదే, కాని మనకంత అక్కరలేదు. మెకో, మోట్వానే లాంటి మన దేశపు కంపెనీలవి కూడా ఉన్నయి.

నన్నడిగితే రైతుకు మొదట కావాల్సింది టాంగ్ టెస్టరు, అంటే క్లాంప్ మీటరు. వైరు విప్పే పనిలేదు, కొక్కెం తగిలిస్తే ఆంప్స్ చెప్తది. కాని ఒక్కొక్క వైరుకే తగిలియ్యాలె. మూడు వైర్లకు కలిపి తగిలిస్తే సున్నా వస్తది, ఎందుకంటే పోయేదీ వచ్చేదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి. ఇది తెల్వక ఒకాయన మీటరు వాపస్ చేయబోయిండు. మూడు వైర్లల్ల ఆంప్స్ ఇంచుమించు ఒకేతీరు ఉండాలె, మోటరు ప్లేటు మీద రాసింది దాటొద్దు. ఒకదాంట్ల సున్నా, తక్కిన రెండింట్ల బాగా పెరిగితే ఒక ఫేజు పోయినట్టు. వెంటనే బంద్ చెయ్యకపోతే వైండింగు కాలుతది.

రెండోది మెగ్గర్. దీని విలువ నాకు మస్తు ఖర్చు అయినంక తెలిసింది. ఒకసారి మోటరు చాలు చెయ్యంగనే ఫ్యూజు పోతుండె. మల్టీమీటరుతోని వైరుకూ పైపుకూ మధ్య చూస్తే ఏ తప్పూ లేదు. సరే, స్టార్టరే చెడిందని కొత్త స్టార్టరు తెచ్చి పెట్టిన. అది పెట్టినా అంతే. వైండింగు మేస్త్రీ వచ్చి కేబుల్ విడదీసి మెగ్గర్ తిప్పితే ముల్లు సున్నా కాడనే ఉంది. నీళ్లల్ల కేబుల్ జాయింటుకు తడి తగిలింది. మల్టీమీటరు రెండు మూడు వోల్టులతోని చూస్తది, ఆ చిన్న వోల్టుకు తడి దొరకదు. మెగ్గర్ 500 వోల్టులు పెట్టి చూస్తది. కనీసం 1 మెగా ఓమ్ రాకపోతే ఆ మోటరు నడపొద్దు.

తర్వాత హైదరాబాద్ కోఠిలో చేత్తో తిప్పే పాత మెగ్గర్ ఒకటి దొరికింది. పిడి తిరుగుతలేదని తక్కువకే ఇచ్చిండు. గేర్లల్ల గ్రీజు ఎండి రాయయింది, అంతే. కిరోసిన్‌తోని కడిగి కొత్త గ్రీజు పెట్టిన, వైర్లు మార్చిన. క్లిప్పులు విడిగ ఉంచి తిప్పితే ముల్లు ఇన్ఫినిటీ కాడికి పోవాలె, రెండూ ఆనిచ్చి మెల్లగ తిప్పితే సున్నాకు రావాలె. రెండూ అయినయి. ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకపోండి. తిప్పేటప్పుడు క్లిప్పులు ముట్టుకోవద్దు, దెబ్బ గట్టిగ ఉంటది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మాత్రం ఏ మీటరూ పట్టుకొని పోవద్దు. అది లైన్‌మన్ పని.

ఇగ అసలు ముచ్చట. నేనిచ్చిన 11 మీటర్లల్ల మా పిల్లగానిది పోను 10. ఈ నెలల ఇల్లిల్లూ తిరిగితే 8 దొరికినయి. వైర్లు మెడ కాడ వంచుకుంట బీప్ పెట్టి చూస్తే రెండింటికి ఆగి ఆగి వచ్చింది. ఒకదాంట్ల ఫ్యూజు పోతే ఎవరో సిగరెట్ రేకు చుట్టి పెట్టిండ్రు. అన్నిటికీ వైర్లు కొత్తవి వేసి ఇచ్చిన.

ఇంకా రెండున్నయి. ఒకాయన "మంచిగనే పని చేస్తుంది, ఎందుకు తేవాలె" అన్నడు. అన్నా, మా పిల్లగాడూ అదే అనుకున్నడు. ఇంకొకాయన మీటరు అల్లునికిచ్చిండట, ఆ ఊరు నాకు తెల్వదు. ఈ పోస్టు చూస్తే ఆ అల్లునికి చెప్పండి, వాడుడు బంద్ చెయ్యమని. అన్నకైతే నేనే ఆదివారం పొద్దుగాల వస్త, వైర్లు నా సంచిలనే ఉన్నయి.